ఐదుగురు దిద్దే వెబ్‌సైట్‌కు అసలు ప్రతి ఏది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం తరఫున కొన్నేళ్లుగా ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాం. సిక్కోలు రచయితల పరిచయాలు, అరసవల్లి, శ్రీకూర్మం, సాలిహుండం వంటి చోట్ల గురించి వ్యాసాలు, పాత పత్రికల్లోని కథల జాబితాలు అందులో ఉన్నాయి. దిద్దేవాళ్లం ఐదుగురం. ఇద్దరం శ్రీకాకుళంలో ఉంటాం. మిగిలినవారు విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటారు. సర్వర్ పాస్‌వర్డ్ అందరి దగ్గరా ఉంది. ఎవరికి వీలైనప్పుడు వారు పేజీని దింపుకుని, దిద్ది, ఫైల్‌జిల్లాతో ఎక్కిస్తాం. సాలిహుండం వ్యాసంలో మా మాస్టారు రోజుల తరబడి కూర్చుని చేసిన ప్రూఫు దిద్దుబాట్లు, మరొకరు అదే పేజీలో ఒక్క ఫొటో మార్చి ఎక్కించేసరికి మొత్తం పోయాయి. సర్వర్‌లో ‘ఇండెక్స్_కొత్తది’, ‘ఇండెక్స్_ఫైనల్’, ‘ఇండెక్స్_ఫైనల్_2’ అంటూ ఫైళ్లు పేరుకుపోయాయి. ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను దాచే ‘గిట్’ అనే ప్రోగ్రామ్ వాడమని పిల్లలు చెబుతున్నారు. మాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక్కరే. మాలాంటివారికి అది పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: పనికొస్తుంది. కానీ గిట్ పెట్టుకున్నంత మాత్రాన మీ ఇబ్బంది తీరిపోదు. మీ సైట్‌కు ప్రస్తుతం ఆరు ప్రతులున్నాయి: సర్వర్‌లో ఒకటి, ఐదుగురి కంప్యూటర్లలో ఐదు. ఆ ఆరింటిలో అసలు ప్రతి ఏదన్నది మీరెప్పుడూ తేల్చుకోలేదు. మాస్టారు సోమవారం దింపుకున్న పేజీనే మీ బెంగళూరు మిత్రులు మంగళవారం దింపుకున్నారనుకోండి. మాస్టారు గురువారం తన దిద్దుబాట్లు ఎక్కిస్తారు; శుక్రవారం మిత్రులు ఎక్కించే ఫైలులో కొత్త ఫొటో ఉంటుంది గాని, వ్యాసం మాత్రం మంగళవారం నాటిదే. ఫైల్‌జిల్లా ఫైళ్లను పంపే ఎఫ్‌టీపీ పద్ధతికి ఫైలు లోపల ఏముందో పట్టదు. పాత ఫైలు స్థానంలో కొత్తదాన్ని పెట్టడమే దాని పని. ఎవరు చివర ఎక్కిస్తే వారిదే నిలుస్తుంది కాబట్టి, ఇందులో మీ మిత్రుల అజాగ్రత్త ఏమీ లేదు. ఎంత జాగ్రత్తపరులు ఐదుగురు చేరినా ఈ పద్ధతిలో ఎప్పుడో ఒకప్పుడు ఇదే జరుగుతుంది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (మూల భాగం) పనికోసం లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను తయారుచేశారు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి పడే మార్పులను కలపడానికి పుట్టిన సాధనం కాబట్టి, మీ ఐదుగురికి అక్కర్లేని సరంజామా అందులో చాలా ఉంది. దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. మీకు ముఖ్యమైన తేడా ఒక్కటే. గిట్‌లో అందరూ పంచుకునే రిపోజిటరీ, అంటే ఫైళ్లనూ వాటి చరిత్రనూ దాచే భాండారం, ఒకటి ఉంటుంది. దాని పూర్తి నకలు, మొదటి రోజు నుంచి జరిగిన మార్పుల చరిత్రతో సహా, ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. మీరు చేసిన పనిని కమిట్ చేసి (అంటే చరిత్రలో నమోదు చేసి), పుష్ చేయబోయినప్పుడు (అంటే రిపోజిటరీకి పంపబోయినప్పుడు), మీరు చివరిసారి పుల్ చేసుకున్న (అంటే అక్కడి మార్పులను తెచ్చుకున్న) తరువాత అక్కడికి ఇంకెవరి కమిట్ అయినా చేరి ఉంటే, గిట్ మీ పుష్‌ను తిరస్కరిస్తుంది. ముందు ఆ మార్పులను తెచ్చుకుని మీ వాటితో కలపమంటుంది. పై ఉదాహరణలో శుక్రవారంనాడు మీ మిత్రులకు ఎదురయ్యేది ఈ తిరస్కరణే. వారు పుల్ చేస్తే, ఫొటో ఉన్న వరుస వేరు, మాస్టారు దిద్దిన వరుసలు వేరు కాబట్టి గిట్ రెండింటినీ తనంతట తానే కలిపేస్తుంది.

ఇద్దరూ ఒకే వరుసను గాని, పక్కపక్క వరుసలను గాని మార్చినప్పుడే చిక్కు వస్తుంది. దీన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారు. అప్పుడు గిట్ ఎవరి పక్షమూ వహించకుండా, రెండు పాఠాలనూ ఫైలులోనే ఇలా ఎదురెదురుగా పెడుతుంది:

<<<<<<< హెడ్
పఠనాలయం ఉదయం 7 నుంచి 10 వరకు తెరిచి ఉంటుంది.
=======
పఠనాలయం ఉదయం 8 నుంచి 11 వరకు తెరిచి ఉంటుంది.
>>>>>>> వేసవి-వేళలు

గీతకు పైనున్నది మీరు ప్రస్తుతం ఉన్న బ్రాంచ్‌లోని (విడిగా సాగే మార్పుల శాఖలోని) పాఠం, కిందిది ‘వేసవి-వేళలు’ అనే బ్రాంచ్ నుంచి వచ్చినది. సరైన వరుసను ఉంచి, రెండోదాన్నీ, ఆ మూడు గుర్తుల వరుసలనూ తీసేసి, ఫైలును భద్రపరచి మళ్లీ కమిట్ చేయాలి. పఠనాలయం ఎన్ని గంటలకు తెరుస్తారో గిట్‌కు తెలియదు కనుక, తెలిసినవారికి ఫోన్ చేసి కనుక్కోవడం తప్పదు. కొత్తగా నేర్చుకున్నవారు ఈ గుర్తులను చూసి కంగారుపడి, ఎవరో చెప్పారని ‘ఫోర్స్ పుష్’ చేస్తుంటారు. ఆ పని మాత్రం చేయవద్దు. రిపోజిటరీలో అవతలివారి కమిట్లను తోసేసి మీవాటిని కూర్చోబెట్టడమే దాని అర్థం. అంటే ఫైల్‌జిల్లా నాటి కష్టమే మళ్లీ వచ్చినట్టు. రిపోజిటరీ అందరికీ కనిపించేదైతే, గిట్ రిపోజిటరీలను ఉంచే ‘గిట్‌హబ్’ అనే సైట్‌లో ఉచిత ఖాతాతోనే ప్రధాన బ్రాంచ్‌కు రక్షణ పెట్టుకుని ఫోర్స్ పుష్‌ను అడ్డుకోవచ్చు. మొదటి రోజే పెట్టుకోండి.

మీది వ్యాసాల సైట్ కాబట్టి, ప్రోగ్రామర్లు సాధారణంగా చెప్పని ఒక సంగతి మీకు చెప్పాలి. గిట్ పోల్చి చూసేది వరుసలను, వాక్యాలను కాదు. తెలుగు వ్యాసం టైపు చేసేటప్పుడు పేరా మొత్తాన్ని ఒకే వరుసగా కొట్టుకుపోవడం అందరికీ ఉన్న అలవాటు. అలాంటి ఫైలులో మాస్టారు పేరా మొదట్లో ఒక ఒత్తు సరిచేసి, మీరు పేరా చివర ఒక తేదీ మార్చినా, గిట్ దృష్టిలో ఇద్దరూ ఒకే వరుసను మార్చినట్టే లెక్క. కాన్‌ఫ్లిక్ట్ వచ్చి తీరుతుంది. అంతేకాదు, ఏం మారిందో చూద్దామని తెరిస్తే ఇరవై వాక్యాల పాత పేరా ఒకటి, ఇరవై వాక్యాల కొత్త పేరా ఒకటి కనిపిస్తాయి తప్ప ఆ ఒక్క ఒత్తు ఎక్కడుందో కళ్లు చికిలించినా దొరకదు. దీనికి విరుగుడు చాలా తేలిక: ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టండి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో పేరా లోపలి వరుస విరుపు ఖాళీతో సమానం కాబట్టి, పాఠకులకు పేజీ ఎప్పటిలాగే కనిపిస్తుంది. పాత వ్యాసాలన్నిటినీ ఒక్కసారిగా విరవనక్కర్లేదు. ఏ పేజీ చేతికి వస్తే దాన్ని విరిచి, ఆ విరుపును మాత్రమే ఒక కమిట్‌గా చేసి, దిద్దుబాట్లను తరువాతి కమిట్‌లో చేయండి. విరవని పేజీల్లో తేడా చూడవలసివస్తే ‘గిట్ డిఫ్’ ఆదేశానికి ‘వర్డ్-డిఫ్’ అనే ఎంపికను జోడిస్తే, మారిన మాటలను మాత్రమే చూపిస్తుంది.

ఇక మొదలుపెట్టే తీరు. ఎవరి లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌నూ నమ్మకుండా, సర్వర్‌లో ఈ రోజున ఉన్నదంతా దింపి, దాన్నే మొదటి కమిట్ చేయండి. పాఠకులు చూస్తున్నది అదే కాబట్టి, తప్పులున్నా అదే అసలు ప్రతి. తరువాత మిగతా నలుగురూ తమ ఫోల్డర్లను దానితో పోల్చి, సర్వర్‌కు చేరని దిద్దుబాట్లు ఏమైనా ఉంటే ఒక్కొక్కటిగా చేర్చాలి. మాస్టారి కంప్యూటర్‌లో సాలిహుండం వ్యాసం దిద్దిన ఫైలు ఇంకా ఉండే అవకాశం ఉంది. ముందు దాన్ని వెతికించండి. ‘ఫైనల్’, ‘ఫైనల్_2’ వంటివాటిని జిప్ చేసి వేరే చోట దాచి, రిపోజిటరీ నుంచి తీసేయండి. పాత రూపం కావలసివస్తే చరిత్రలో దొరుకుతుంది కాబట్టి, ఇకపై అలాంటి పేర్లతో నకళ్లు పెట్టుకునే అవసరం ఎవరికీ రాదు.

అసలు మెలిక ఆ తరువాత ఉంది. రిపోజిటరీలోకి చేరిన మార్పు సర్వర్‌కు ఒకే దారిలో వెళ్లాలి. గిట్ నేర్చుకున్న తరువాత కూడా, ‘ఒక్క అక్షరమే కదా’ అని ఎవరో ఒకరు నేరుగా సర్వర్‌లో దిద్దేస్తారు. ఆ అక్షరం రిపోజిటరీలో ఉండదు. తరువాత అక్కడినుంచి పేజీ ఎక్కగానే అది మాయమవుతుంది, ‘గిట్ వల్ల పోయింది’ అన్న మాట పుడుతుంది. అందువల్ల పద్ధతి మారిన రోజే సర్వర్ పాస్‌వర్డ్ మార్చి, ఇద్దరి దగ్గర మాత్రమే ఉంచండి. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారితో ఇలా అనడం మొహమాటమే. అయినా అందరూ కూర్చుని ఒప్పుకోవలసినది ఈ ఒక్క నియమమే. ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగకుండా ఉండటానికి ఇద్దరన్నాను.

ఆ దారి ఏదన్నది మీ హోస్టింగ్‌ను బట్టి ఉంటుంది. సీప్యానెల్ (హోస్టింగ్‌ను బ్రౌజర్ నుంచే నడిపే ఏర్పాటు) ఉంటే అందులో ‘గిట్ వెర్షన్ కంట్రోల్’ అనే సదుపాయం ఉందేమో చూడండి. రిపోజిటరీ నుంచి ఫైళ్లను తెచ్చి వెబ్ ఫోల్డర్‌లో పెట్టే ఏర్పాటు దానితో చేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశం (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా వెళ్లి ఆదేశాలిచ్చే వీలు) ఉంటే, సర్వర్‌లోనే ఒక రిపోజిటరీ పెట్టి, పుష్ అందగానే ఫైళ్లను వెబ్ ఫోల్డర్‌లోకి పరిచే చిన్న స్క్రిప్టును మీ సాఫ్ట్‌వేర్ మిత్రులు రాయగలరు. డేటాబేస్ లేని మామూలు పేజీలైతే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగానే సైట్ నడపవచ్చు. ఇవేవీ కుదరకపోతే, ఆ ఇద్దరిలో ఒకరు వారానికోసారి పుల్ చేసి, ఆ ఫోల్డర్ నుంచే ఫైల్‌జిల్లాతో ఎక్కించినా చాలు. అయితే ఎక్కించేటప్పుడు ‘డాట్ గిట్’ అనే ఫోల్డర్‌ను మాత్రం వెంట పంపవద్దు. వెబ్ ఫోల్డర్‌లో అది ఉంటే, బయటివారు దాన్ని దింపుకుని సైట్ చరిత్ర మొత్తాన్ని చదువుకునే ప్రమాదం ఉంది.

ఆదేశాలు టైపు చేయడం అందరికీ రాదని బెంగపడకండి. మాస్టారు గిట్‌హబ్ సైట్‌లోనే బ్రౌజర్‌లో పేజీ తెరిచి దిద్ది కమిట్ చేయవచ్చు. విండోస్‌లో పనిచేసేవారికి గిట్‌హబ్ డెస్క్‌టాప్ అనే ప్రోగ్రామ్ ఉంది. ఆదేశాలతో పనిచేసేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ పుష్‌కు ఖాతా పాస్‌వర్డ్‌ను అంగీకరించడం లేదు, పాస్‌వర్డ్‌కు బదులు గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ గాని, మీ కంప్యూటర్‌లో ఉంచుకునే ఎస్‌ఎస్‌హెచ్ కీ గాని కావాలి. ఐదుగురికీ ఐదు ఖాతాలు ఉండాలి. గ్రంథాలయం పేరిట ఒకే ఖాతా తెరిచి అందరూ వాడితే, ఏ దిద్దుబాటు ఎవరిదో చరిత్రలో తెలియదు. ప్రతి కమిట్‌లోనూ మీ పేరు, ఈమెయిల్ నమోదవుతాయి. రిపోజిటరీ అందరికీ కనిపించేదైతే ఆ ఈమెయిల్ కూడా కనిపిస్తుంది. అలా ఇష్టం లేనివారికి గిట్‌హబ్ ప్రత్యేకంగా ఒక మారు చిరునామా ఇస్తుంది. కమిట్ సందేశాలను తెలుగులోనే రాయండి. ‘అప్‌డేట్’ అని రాస్తే ఆరు నెలల తరువాత మీకే అర్థం కాదు. ‘బుడితి వ్యాసంలో ఇత్తడి పాత్రల ఫొటోల కింది వివరణలు సరిచేశాను’ అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

చిన్న దిద్దుబాట్లను నేరుగా ప్రధాన బ్రాంచ్‌లోనే చేసుకోవచ్చు. పెద్ద పని తలపెట్టినప్పుడు వేరే బ్రాంచ్ తీయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మీ పేజీల్లోని చిరునామాలను ఆ మేరకు ఇంకా మార్చకపోతే, ఆ పని చేయవలసింది విడి బ్రాంచ్‌లోనే. ఎందుకంటే, ‘శ్రీకాకుళం జిల్లా’ అన్న మాటను ఎడిటర్‌లో వెతికి అన్నిచోట్లా ఒక్క దెబ్బతో మార్చేస్తే రచయితల జీవిత విశేషాలు తప్పులతడక అవుతాయి. శ్రీకాకుళం జిల్లాయే 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. 1960లో రాజాంలో పుట్టిన రచయిత శ్రీకాకుళం జిల్లాలో పుట్టినట్టే రాయాలి. అదే ఊళ్లోని గ్రంథాలయం చిరునామాను మాత్రం విజయనగరం జిల్లాగా మార్చాలి. బ్రాంచ్‌లో ఈ మార్పులన్నీ చేసి, పుల్ రిక్వెస్ట్ (దాన్ని ప్రధాన బ్రాంచ్‌లో కలపమనే అభ్యర్థన) పెడితే, మారిన వరుసలు మాత్రమే పాతవీ కొత్తవీ పక్కపక్కన కనిపిస్తాయి. మాస్టారు వాటిని ప్రూఫు చదివినట్టే ఒక్కొక్కటీ చదివి, తప్పనిపించిన వరుస దగ్గరే వ్యాఖ్య రాసి, అన్నీ సరయ్యాక మెర్జ్ చేయించవచ్చు. ఈ పనిలో మీ సాఫ్ట్‌వేర్ మిత్రులకన్నా మాస్టారికే ఎక్కువ నేర్పు ఉంటుందని నా నమ్మకం.

ప్రశ్న: మేం ముగ్గురం ఒక సాహిత్య సంస్థ సైట్‌ను గిట్‌లో పెట్టాం. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు ‘గిట్ స్టేటస్’లో అంకెల దండల్లా కనిపిస్తున్నాయి. ఒక్కోసారి రెండు వరుసలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా తేడా ఉందని చూపిస్తోంది. మరోసారి ఒక్క పదం మార్చితే ఫైలు మొత్తం మారిందంటోంది. ఎక్కడో పాడైందా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఏదీ పాడవలేదు. మీరడిగినవి మూడు వేర్వేరు విషయాలు. ఇంగ్లీషు అక్షరాలు కాని బైట్లను గిట్ మామూలుగా అష్టాంశ (ఎనిమిది ఆధారంగా రాసే) సంఖ్యలుగా చూపుతుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి ఒక్క ‘అ’ మీకు \340\260\205 అని కనిపిస్తుంది. ‘కోర్ డాట్ కోట్‌పాత్’ అనే అమరికను ‘ఫాల్స్’ చేస్తే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి.

ఒకేలా కనిపించే వరుసల సంగతి కొంచెం చిత్రమైనది. ‘స్టేషన్‌లో’ అన్నప్పుడు నకారపొల్లు తరువాతి లకారంతో కలిసి ‘స్టేషన్లో’ కాకుండా ఆపడానికి, మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరాన్ని వాడతాం. యూనికోడ్‌లో దాని సంకేతసంఖ్య 200సి. మాట మధ్యలో ఉంటే దాని ప్రభావం కంటికి తెలుస్తుంది. మాట చివర, పొల్లు తరువాత ఖాళీకి ముందు ఉంటే, ఉన్నా లేకపోయినా అక్షరాలు ఒకేలా కనిపిస్తాయి. గిట్‌కు మాత్రం అవి వేర్వేరు బైట్లు. కొన్ని కీబోర్డులు పొల్లు తరువాత దీన్ని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మీ ముగ్గురిలో ఇద్దరి కీబోర్డులు వేరై ఉంటాయి. ముగ్గురూ ఒకే కీబోర్డుకు మారితే మంచిది. కుదరకపోతే, మాట చివరి 200సిలను వెతికి తీసేసే పనిని ఒక్కరికే అప్పగించి, దాన్ని విడి కమిట్‌గా చేయించండి. మాట మధ్యలో ఉన్నవాటి జోలికి పోకండి. పోతే ‘సాఫ్ట్‌వేర్’ చదవడానికి వీల్లేకుండా ముద్ద అవుతుంది.

ఫైలు మొత్తం మారిందనడానికి కారణం, చాలావరకు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ వరుస ముగింపు గుర్తులు వేరుగా ఉండటమే. ‘డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్’ అనే ఫైలు పెట్టి అందులో నక్షత్రపు గుర్తు, దాని పక్కన ‘టెక్స్ట్=ఆటో’ అన్న ఒక్క వరుస రాసి, ‘రీనార్మలైజ్’ ఎంపికతో ఒకసారి ఫైళ్లన్నిటినీ చేర్చి కమిట్ చేయండి. ఆ రోజున మిగతా ఇద్దరూ తమ పని ముందే పుష్ చేసి చేతులు ఖాళీ చేసుకుని ఉండాలి.

ప్రశ్న: మా సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది. వ్యాసాలను గిట్‌లో పెట్టవచ్చా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వర్డ్‌ప్రెస్‌లో వ్యాసాలు డేటాబేస్‌లో ఉంటాయి కనుక ఫైళ్లను గిట్‌లో పెట్టినా అవి అందులోకి రావు. మీరు సొంతంగా మార్చుకున్న థీమ్‌ను మాత్రం గిట్‌లో పెట్టండి. వ్యాసాల పాత రూపాలను వర్డ్‌ప్రెస్ తన ‘రివిజన్స్’లో దాస్తుంది, ఒకరు దిద్దుతుండగా మరొకరు తెరిస్తే హెచ్చరిస్తుంది కూడా. డేటాబేస్‌కు విడిగా బ్యాకప్ తీసుకోవడం మరవవద్దు.

ప్రశ్న: మాలో ఒకరు డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును పొరపాటున కమిట్ చేసి, అందరికీ కనిపించే రిపోజిటరీకి పుష్ చేశారు. మర్నాడే ఆ ఫైలును తొలగించి మళ్లీ కమిట్ చేశాం. ఇక ప్రమాదం లేనట్టేనా? – ఒక పాఠకురాలు, పలాస

జవాబు: ఉన్నట్టే. తొలగించినది నేటి ఫైలు మాత్రమే. నిన్నటి కమిట్ తెరిచినవారికి పాస్‌వర్డ్ అలాగే కనిపిస్తుంది. ఇది చదవగానే చేయవలసిన మొదటి పని ఆ పాస్‌వర్డ్ మార్చడం. ‘ఫిల్టర్-రిపో’ అనే సాధనంతో చరిత్ర నుంచి ఫైలును తుడిచివేయవచ్చు గాని, అది ఆ తరువాతి సంగతి; ఈలోగా ఎవరు నకలు తీసుకున్నారో మీకు తెలిసే వీలు లేదు. పైగా చరిత్రను తిరగరాస్తే మీ బృందంలో అందరూ తమ పాత నకళ్లను పక్కనపెట్టి రిపోజిటరీని కొత్తగా దింపుకోవాలి. ఒక్కరు మరిచిపోయి పాత నకలు నుంచి కలిపి పుష్ చేసినా ఆ కమిట్ తిరిగి వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ మార్చాక, ఆ ఫైలు పేరును, గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన ‘డాట్ గిట్‌ఇగ్నోర్’లో రాయండి.

ప్రశ్న: పాత పత్రికల స్కాన్ పీడీఎఫ్‌లను కూడా రిపోజిటరీలోనే పెడుతున్నాం. ఇప్పుడు కొత్తగా చేరినవారు దింపుకోవాలంటే గంటలు పడుతోంది. నిన్న ఒక సంచికను గిట్‌హబ్ తీసుకోనే లేదు. – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఒక్కో ఫైలు 50 ఎంబీ దాటితే గిట్‌హబ్ హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే తిరస్కరిస్తుంది. స్కాన్ పీడీఎఫ్‌లను గిట్ వరుసలవారీగా పోల్చలేదు. మీరు ఒక సంచికను మళ్లీ స్కాన్ చేసి పెట్టిన ప్రతిసారీ దాదాపు మొత్తం ఫైలు మళ్లీ చరిత్రలో చేరుతుంది, తొలగించినా అక్కడే ఉండిపోతుంది. వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట ఎక్కించి, మీ పేజీల్లో లంకెలు మాత్రం ఇవ్వండి. కాపీరైట్ తీరని సంచికలైతే ముందు హక్కుదారుల అనుమతి తీసుకోండి. ఇప్పటికే బరువెక్కిన రిపోజిటరీని తేలిక చేయాలంటే చరిత్రను తిరగరాయవలసిందే. అందుకు పలాస పాఠకురాలికి చెప్పిన జాగ్రత్తలే మీకూ వర్తిస్తాయి.